బతాకాలో తప్పు.. బతుకుకు ముప్పు

కువైట్ గుర్తింపు కార్డులో దొర్లే పొరపాట్లు, వాటిని సరిదిద్దుకునే మార్గాలు

కడప: కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, కోనసీమ పల్లెల నుంచి కువైట్‌కు వెళ్లిన వారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే పౌర గుర్తింపు కార్డే అన్నింటికీ ఆధారం. అరబిక్‌లో ‘బతాకా మదనియా’ అని వ్యవహరించే ఈ కార్డును మనవారు బతాకా అని పిలుస్తారు. బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా, ఆసుపత్రిలో వైద్యం చేయించుకోవాలన్నా, సెల్‌ఫోన్ సిమ్ తీసుకోవాలన్నా దానినే చూపాలి. అంతటి కార్డులో పేరులో ఒక అక్షరం మారినా, పుట్టిన తేదీలో ఒక అంకె తారుమారైనా వెంటనే ఇబ్బంది కనిపించదు. ఏళ్ల తరబడి అది ఎవరి కంటా పడకుండా ఉండి, సెలవుపై ఇంటికి వచ్చి తిరిగి వెళ్లే రోజునో, ఉద్యోగం మానుకొని లెక్క తేల్చుకునే రోజునో అడ్డం తిరుగుతుంది.

ఇటువంటి తప్పుల్లో ఎక్కువ భాగం సరిదిద్దుకోదగినవే. అయితే తప్పు ఎక్కడ పుట్టిందో ముందుగా తెలుసుకొని, అక్కడి నుంచి వరుసగా సరిచేయించుకుంటూ రావాలి. పాస్‌పోర్టులో పుట్టిన తప్పును కార్డులో దిద్దమన్నా, కార్డులో పుట్టిన తప్పు కోసం పాస్‌పోర్టును మార్చుకున్నా చిక్కుముడి మరింత బిగుసుకుంటుంది.

కార్డు ఇచ్చేది ఎవరు?

కువైట్‌లో 1982 నాటి 32వ నంబరు చట్టం పౌర సమాచార వ్యవస్థను ఏర్పరిచింది. దాని ప్రకారం దేశంలో నివసించే ప్రతి వ్యక్తి వివరాలను పౌర సమాచార ప్రాధికార సంస్థ నమోదు చేసి కార్డు జారీ చేస్తుంది. స్వదేశీయులకు, విదేశీయులకు కూడా ఈ సంస్థే కార్డు ఇస్తుంది. అయితే విదేశీయుల విషయంలో అసలు సమాచారం ముందుగా ఈ సంస్థ వద్ద పుట్టదు. వీసాపై వచ్చిన వ్యక్తికి అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖలోని నివాస వ్యవహారాల విభాగం అకామా, అంటే నివాస అనుమతి మంజూరు చేస్తుంది. ఆ విభాగం దస్త్రాల్లో నమోదైన వివరాల ఆధారంగా కార్డు తయారవుతుంది.

కాబట్టి సమాచారం పాస్‌పోర్టు నుంచి వీసాకు, వీసా నుంచి అకామాకు, అకామా నుంచి కార్డుకు చేరుతుంది. ఈ నాలుగు మెట్లలో ఏ మెట్టు వద్ద పొరపాటు జరిగినా అది కిందికి ప్రవహిస్తుంది. కింది మెట్టులో మాత్రమే దిద్దితే, మరుసటి సంవత్సరం అకామా పునరుద్ధరణ సమయంలో పై మెట్టు నుంచి పాత తప్పు మళ్లీ దిగివచ్చే ప్రమాదం ఉంది.

2019 తర్వాత పెరిగిన ప్రాధాన్యం

గతంలో కువైట్ అకామాను పాస్‌పోర్టు పుటపై స్టిక్కరుగా అంటించేవారు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపితే సరిపోయేది. 2019 మార్చి 10 నుంచి విదేశీయులకు ఈ స్టిక్కరు విధానాన్ని నిలిపివేశారు. అప్పటి నుంచి నివాస హక్కుకు రుజువు బతాకాయే అయింది. సెలవుపై వచ్చినవారు తిరుగు ప్రయాణంలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాల్లో పాస్‌పోర్టుతో పాటు బతాకాను, లేదా సెల్‌ఫోన్‌లోని ‘కువైట్ మొబైల్ ఐడీ’ యాప్‌లో దాని ప్రతిని చూపవలసి వస్తోంది.

అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఇంగ్లిషు అక్షరాల తేడాలు దీంతో ఒక్కసారిగా ముందుకు వచ్చాయి. పాస్‌పోర్టులోని పేరు, కార్డుపై ఇంగ్లిషులో ఉన్న పేరు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలని అధికారులు అప్పట్లోనే విదేశీయులకు సూచించారు. స్టిక్కరు ఉన్న రోజుల్లో అకామా పాస్‌పోర్టుకే అతుక్కొని ఉండేది గనుక అది ఎవరిదనే ప్రశ్న తలెత్తేది కాదు. ఇప్పుడు రెండు వేర్వేరు పత్రాలు ఒకే మనిషివని చూపేది వాటిలోని పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలే.

సెలవుకు వచ్చినవారికి గడువు కూడా ముఖ్యమే. సాధారణంగా ఆరు నెలలకు మించి కువైట్ వెలుపల ఉండిపోతే అకామా రద్దవుతుంది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం ఇంటి పనివారికి ఈ గడువును నాలుగు నెలలకు పరిమితం చేసింది. విమానాశ్రయంలో పేరు తేడా బయటపడి వెనుదిరిగిన వ్యక్తి ఇక్కడే ఉండి దానిని సరిచేయించుకోవడం తేలిక కాదు. అందుకే సెలవుకు బయలుదేరే ముందే, కువైట్‌లో ఉండగానే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

‘ప’ లేని లిపి

మన పేర్లు కార్డులో మారిపోవడానికి ప్రధాన కారణం అరబిక్ లిపి స్వభావమే. అరబిక్‌లో 28 అక్షరాలు ఉన్నాయి. వాటిలో మన ‘ప’కు అక్షరం లేదు. ‘బ’ రాస్తారు. ‘వ’ ధ్వనికి ఒకచోట ‘ఫ’, మరొకచోట ఇంగ్లిషు డబ్ల్యూ వంటి ‘వావ్’ రాస్తారు. ‘చ’ను ‘త’, ‘ష’ కలిపి రాస్తారు, లేదా ఒక్క ‘ష’తో సరిపెడతారు. ‘గ’కు ఒక గుమస్తా జీమ్ అక్షరం రాస్తే మరొకరు గైన్, ఇంకొకరు కాఫ్ రాస్తారు. ‘ట’, ‘డ’, ‘ణ’, ‘ళ’ వంటి మూర్ధన్యాలు లేవు. ‘ఎ’, ‘ఒ’ స్వరాలకు ప్రత్యేక గుర్తులు లేవు. వాటిని ‘ఇ’, ‘ఉ’లుగా పలుకుతారు. హ్రస్వ స్వరాలను సాధారణంగా రాయనే రాయరు.

ఫలితంగా ప్రసాద్ ‘బ్రసాద్’ అవుతాడు. పుల్లయ్య ‘బుల్లయ్య’ అవుతాడు. వెంకటమ్మ ‘ఫింకతమ్మ’గా, రెడ్డి ‘రిదీ’గా మారే అవకాశం ఉంది. ఇంతవరకు దానిని తప్పు అనడానికి వీల్లేదు. లిపిలో లేని ధ్వనిని దగ్గరి అక్షరంతో రాయడం అనివార్యం. అసలు తప్పు తర్వాతి మెట్టులో జరుగుతుంది. పాస్‌పోర్టు చూసి ఇంగ్లిషు పేరును నేరుగా దించుకోకుండా, అరబిక్‌లో రాసిన పేరును చదివి తిరిగి ఇంగ్లిషులోకి మార్చినప్పుడు ప్రసాద్‌లోని ఇంగ్లిషు ‘పీ’ పోయి ‘బీ’ వస్తుంది. విమానాశ్రయంలోనూ, బ్యాంకులోనూ చిక్కు తెచ్చేది ఇదే.

తెలుగు పేర్లకు ఇంగ్లిషులోనే ఏకరూపత లేకపోవడం దీనికి తోడవుతుంది. లక్ష్మి అనే పేరును ఒకరు ‘ఎక్స్’ అక్షరంతో రాస్తారు, మరొకరు ‘కే ఎస్ హెచ్’ అక్షరాలతో రాస్తారు. పదో తరగతి పత్రంలో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా, పాస్‌పోర్టులో ఇంకో విధంగా ఉన్న పేర్లు ఊరికి ఎన్నో ఉంటాయి. ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా గుర్తించాలి. బతాకాకు కొలబద్ద పాస్‌పోర్టు మాత్రమే. బతాకాలోని పేరు పాస్‌పోర్టుతో సరిపోయి, ఆధార్‌తో సరిపోకపోతే కువైట్ దృష్టిలో కార్డులో తప్పు లేనట్టే.

ఇంటిపేరు ముందా, వెనకా?

భారత పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరో గడి ఉంటాయి. తెలుగువారు ఇంటిపేరును ముందు చెబుతారు. అరబ్బుల పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, చివరగా కుటుంబ నామం వస్తాయి. కాబట్టి పాస్‌పోర్టులో పై గడిలో ఉన్న ఇంటిపేరు కార్డులో చివరకు చేరవచ్చు. పదాలన్నీ ఉండి వరుస మాత్రమే మారితే దానిని తప్పుగా భావించి ఆందోళన పడనవసరం లేదు. ఒక పదం పూర్తిగా ఎగిరిపోయినా, రెండు పదాలు కలిసిపోయి అక్షరం తగ్గినా, తండ్రి పేరు వచ్చి ఇంటిపేరు స్థానంలో కూర్చున్నా సరిచేయించుకోవాలి.

ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్న పాస్‌పోర్టులతో మరో రకం ఇబ్బంది ఉంది. ఒకే పదం ఉన్న పేరుతో వచ్చే సందర్శకులకు ప్రవేశం లేదని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించడంతో ఎందరో ప్రయాణాలు మానుకోవలసి వచ్చింది. గల్ఫ్‌కు తొలిసారి వెళ్లేవారు పాస్‌పోర్టు దరఖాస్తు దశలోనే ఇంటిపేరును పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాయించుకోవడం మేలు.

సంఖ్యలోనే పుట్టిన తేదీ

కువైట్ పౌర సంఖ్యలో 12 అంకెలు ఉంటాయి. అవి యాదృచ్ఛికంగా ఇచ్చినవి కావు. మొదటి అంకె శతాబ్దాన్ని సూచిస్తుంది. 1900 నుంచి 1999 మధ్య పుట్టినవారికి 2, ఆ తర్వాత పుట్టినవారికి 3 ఉంటుంది. తర్వాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. ఆపై నాలుగు అంకెలు వరుస సంఖ్య. చివరి అంకె ముందున్న 11 అంకెలపై లెక్కగట్టిన తనిఖీ అంకె. ఉదాహరణకు 1984 ఆగస్టు 15న పుట్టిన వ్యక్తి సంఖ్య 2840815తో మొదలవుతుంది.

పేరులోని తప్పు కన్నా పుట్టిన తేదీలోని తప్పు ఎందుకు బరువైనదో దీనినిబట్టి అర్థమవుతుంది. పేరులో అక్షరం మార్చినా సంఖ్య మారదు. పుట్టిన తేదీని మార్చితే సంఖ్యలోని భాగమే మారాలి. బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఆసుపత్రి దస్త్రం, కార్మిక శాఖ రికార్డు, ఫోన్ కనెక్షన్ అన్నీ ఆ సంఖ్యపైనే నడుస్తాయి. వాటన్నింటినీ తర్వాత ఒక్కొక్కటిగా సరిచేయించుకోవలసి వస్తుంది. అందువల్ల తేదీలోని తప్పును తొలి కార్డు చేతికందిన వారంలోనే పట్టుకోవాలి. అరబిక్ చదవడం రాకపోయినా ఇంగ్లిషు అంకెల్లో ఉన్న ఈ సంఖ్యను ఎవరైనా చదువుకోవచ్చు. రెండో అంకె నుంచి ఏడో అంకె వరకు చూస్తే చాలు.

తేదీ తప్పులు రెండు విధాలుగా వస్తాయి. ఒకటి, రోజు, నెల తారుమారు కావడం. ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది. రెండోది ఊళ్లోనే మొదలవుతుంది. జనన ధ్రువపత్రం లేని పాతతరం వారికి బడిలో చేర్చినప్పుడో, ఏజెంటు దరఖాస్తు నింపినప్పుడో జనవరి 1 లేదా జులై 1 అని ఏదో ఒక తేదీ వేసేశారు. పాస్‌పోర్టులో అదే తేదీ ఉంటే కార్డులోనూ అదే ఉంటుంది. కువైట్‌లో ఉద్యోగం చేస్తుండగా దానిని ‘అసలు’ తేదీకి మార్చుకోవాలని ప్రయత్నించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. మొదటిసారి ఒక తేదీతో వెళ్లి, కొన్నేళ్ల తర్వాత మరో తేదీ ఉన్న పాస్‌పోర్టుతో వెళితే వేలిముద్రలు పాత రికార్డును బయటపెడతాయి. కువైట్ 2024 డిసెంబరు 31 గడువుగా నివాసులైన విదేశీయులందరి నుంచి వేలిముద్రల వంటి బయోమెట్రిక్ వివరాలు సేకరించింది. గడువులోగా ఇవ్వనివారి బ్యాంకు లావాదేవీలను నిలిపివేసింది. ఒకే వేలిముద్రకు రెండు పుట్టిన తేదీలు కనిపిస్తే అది అక్షర దోషంగా కాక మోసంగా అనుమానించే అవకాశం ఉంది. తేదీ మార్చుకోక తప్పనివారు రెండు పాస్‌పోర్టుల ప్రతులను, మార్పునకు ఆధారమైన జనన ధ్రువపత్రాన్ని దగ్గర ఉంచుకోవాలి.

తప్పు కానివి కూడా కొన్ని..

తోట పనికి తీసుకెళతామని చెప్పి పంపిన వ్యక్తి కార్డులో ఇంటి పనివాడని ఉంటుంది. దుకాణంలో ఉద్యోగమని వెళ్లిన వ్యక్తి కార్డులో మరో వృత్తి ఉంటుంది. వీటిని కార్డు తప్పులుగా భావించి దిద్దించుకోవాలని తిరిగేవారు ఉన్నారు. వీసా ఏ తరగతికి చెందినదో, ఏ వృత్తికి మంజూరైందో కార్డు దానినే చూపుతుంది. ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 18వ అధికరణం, ఇళ్లలో పనిచేసేవారికి 20వ అధికరణం, కుటుంబ సభ్యులకు 22వ అధికరణం కింద అకామా లభిస్తుంది. మనవారు ‘ఖాదిం వీసా’ అనేది 20వ అధికరణం కిందిదే. ఒకదాని నుంచి మరొకదానికి మారడం వీసా బదిలీ అవుతుంది గానీ దోష సవరణ కాదు. దానికి నిబంధనలు, యజమాని అనుమతి వేరుగా ఉంటాయి. ‘డబ్బిస్తే కార్డులో వృత్తి మార్పిస్తాం’ అనే దళారుల మాట నమ్మకూడదు.

ఎవరి తలుపు తట్టాలి?

తప్పు పుట్టిన చోటునుబట్టి తిరగవలసిన కార్యాలయం మారుతుంది.

పాస్‌పోర్టు, అకామా రికార్డు సరిగానే ఉండి, కార్డుపై ఇంగ్లిషు పేరులో మాత్రమే అక్షరం తేడా ఉంటే అది అన్నింటికన్నా తేలికైన సవరణ. పౌర సమాచార సంస్థకు పాస్‌పోర్టు ప్రతిని జతచేసి దరఖాస్తు చేసుకోవాలి. ఇంగ్లిషు పేరు సవరణకు అంతర్జాలం ద్వారా కూడా వీలుంది. 2021లో కువైట్ ప్రభుత్వం ప్రారంభించిన ‘సహల్’ యాప్‌లో ఈ సంస్థ సేవలు అనేకం ఉన్నాయి.

అరబిక్ పేరు, పుట్టిన తేదీ, జాతీయత, స్త్రీ పురుష వివరం తప్పుగా ఉంటే ముందుగా అకామా రికార్డు సరికావాలి. అంటే నివాస వ్యవహారాల విభాగానికి వెళ్లాలి. సాధారణంగా యజమాని, అనగా కఫీల్, లేదా సంస్థ తరఫున ప్రభుత్వ పనులు చూసే మందూబ్ ద్వారా ఈ పని జరుగుతుంది. అక్కడ మార్పు నమోదైన తర్వాతే కార్డు మార్పుకు దరఖాస్తు చేయాలి.

తప్పు పాస్‌పోర్టులోనే ఉంటే భారత రాయబార కార్యాలయం ద్వారా పాస్‌పోర్టును పునఃజారీ చేయించుకోవడం మొదటి పని. పేరులో స్వల్ప అక్షర సవరణకు, పూర్తిగా పేరు మార్పుకు నిబంధనలు వేరు. పూర్తి మార్పునకు ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనల వంటివి అవసరమవుతాయి. కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చాక దాని వివరాలను అకామా రికార్డులోకి ఎక్కించాలి. అరబిక్‌లో ‘నఖల్ మాలూమాత్’, అంటే సమాచార బదిలీ అని దీనికి పేరు. ఆ తర్వాత కార్డు, చివరగా బ్యాంకు, లైసెన్సు సరిచేయించుకోవాలి.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. గడువు ముగిసిన పాస్‌పోర్టును పునరుద్ధరించుకునేటప్పుడు పనిలో పనిగా ఆధార్‌కు అనుగుణంగా పేరు మార్పించుకుంటారు. ఇంటివద్ద పత్రాలు సరిపోయాయని సంతోషించేలోగా బతాకాతో తేడా మొదలవుతుంది. పాస్‌పోర్టు సంఖ్య మారినప్పుడు కూడా సమాచార బదిలీ తప్పనిసరి. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చినప్పుడు దానిని పారవేయకుండా కొత్తదానితో కలిపి ఉంచుకోవాలి. ఈ ఇద్దరూ ఒకరేనని చూపే రుజువు అదే.

చిరునామాను చులకన చేయొద్దు

పేరు, తేదీలపై ఉన్న శ్రద్ధ చిరునామాపై కనిపించదు. గది మారినప్పుడు కార్డులో పాత చిరునామానే వదిలేస్తుంటారు. భవనాన్ని కూల్చివేసినా, ‘ఈ వ్యక్తి నా ఇంట్లో ఉండటం లేదు’ అని ఇంటి యజమాని తెలియజేసినా పౌర సమాచార సంస్థ ఆ చిరునామాను రికార్డు నుంచి తొలగిస్తోంది. 2024లో ఇలా వందలమంది చిరునామాలను తొలగించి, 30 రోజుల్లోగా కొత్త చిరునామాను ఆధారాలతో నమోదు చేసుకోవాలని ప్రకటించింది. నమోదు చేసుకోనివారికి 1982 చట్టంలోని 33వ అధికరణం కింద 100 దీనార్లకు మించని జరిమానా విధించే వీలుంది. సేవలకు ఆటంకం కలగకుండా ఉండాలంటే గది మారిన వెంటనే అద్దె పత్రంతో చిరునామా మార్పించుకోవాలి.

నష్టం ఎప్పుడు తెలుస్తుంది?

కార్డులోని తప్పుకు అసలు వెల డబ్బు లెక్కలు తేల్చుకునే రోజున తెలుస్తుంది. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం నెలజీతంపై పనిచేసేవారికి సర్వీసు ముగింపు సొమ్ముగా తొలి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల వేతనం, ఆపై ప్రతి ఏడాదికి ఒక నెల వేతనం లెక్కగడతారు. తానుగా రాజీనామా చేసేవారికి అర్హత నిబంధనలు వేరు. ఇంటి పనివారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఏడాదికి ఒక నెల వేతనం చొప్పున ఇవ్వాలని చెబుతోంది. పది, పదిహేనేళ్లు కష్టపడిన వ్యక్తికి ఇది ఇల్లు కట్టుకునేంత, ఆడపిల్ల పెళ్లి చేసేంత సొమ్ము.

కార్మిక చట్టంలో ఉద్యోగ ఒప్పందపు అరబిక్ ప్రతికే ప్రాధాన్యం ఉంది. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి ఒక సంవత్సరం దాటితే కార్మికుని క్లెయిమును విచారణకు స్వీకరించరు. ఒప్పందంలో ఒక పేరు, కార్డులో మరో పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు ఉంటే తాను ఆ వ్యక్తినేనని రుజువు చేసుకోవడానికే ఆ ఏడాదిలో విలువైన నెలలు గడిచిపోతాయి.

మరణం సంభవించినప్పుడు కుటుంబానికి కలిగే ఇక్కట్లు ఇంతకన్నా ఎక్కువ. కువైట్‌లో మరణ ధ్రువపత్రం అక్కడి రికార్డులోని అరబిక్ పేరుతో తయారవుతుంది. దానిని అనువదించినప్పుడు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోకపోతే రాయబార కార్యాలయం నుంచి బీమా సంస్థ దాకా ప్రతిచోటా ప్రశ్న తలెత్తుతుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లే కార్మికులకు కేంద్ర ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల పరిహారం ఉంది. భర్త పేరు రెండు విధాలుగా ఉన్న పత్రాలు పట్టుకొని భార్య మండల కార్యాలయం చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగవలసిన పరిస్థితి రాకూడదంటే, మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ అక్షరాన్ని సరిచేయించుకోవాలి.

కార్డు ఎవరి దగ్గర ఉండాలి?

ఇళ్లలో పనిచేసే మహిళలకు తప్పును గుర్తించే అవకాశమే తక్కువ. చాలా ఇళ్లలో పాస్‌పోర్టు, కార్డు యజమాని అల్మరాలో ఉంటాయి. ఇంటి పనివారి పాస్‌పోర్టు, పౌర కార్డు వంటి గుర్తింపు పత్రాలను వారి సమ్మతి లేకుండా యజమాని తన వద్ద ఉంచుకోరాదని 2015 నాటి చట్టమే నిర్దేశించింది. కార్డు చేతికి వచ్చిన రోజునే రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపుకోవడం ప్రతి ఒక్కరూ పాటించదగిన జాగ్రత్త. కార్డు పోయినా, యజమానితో వివాదం వచ్చినా ఆ ఫొటోలోని సంఖ్యే దారి చూపుతుంది.

అరబిక్ పేరు సరిగా ఉన్నదో లేదో తెలుసుకునే సులువైన పద్ధతి ఒకటుంది. అరబిక్ చదవగలిగిన వ్యక్తికి పాస్‌పోర్టు చూపకుండా కార్డును మాత్రమే ఇచ్చి పేరును బిగ్గరగా చదివించాలి. ‘ప’ స్థానంలో ‘బ’ వినిపిస్తే పరవాలేదు. పేరులో ఒక భాగమే వినిపించకపోతే, లేదా మరెవరి పేరో వినిపిస్తే అప్పుడు జాగ్రత్త పడాలి.

ఇతర గల్ఫ్ దేశాల్లో..

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల వారు ఎక్కువగా వెళ్లే ఎమిరేట్స్, సౌదీ అరేబియా, ఖతార్, బహ్రెయిన్‌లలోనూ సూత్రం ఇదే. ఎమిరేట్స్ కార్డు సంఖ్యలో 15 అంకెలు ఉంటాయి. 784 అనే దేశ సంకేతం తర్వాత నాలుగు అంకెల్లో పుట్టిన సంవత్సరం వస్తుంది. ఆ దేశం కూడా 2022లో పాస్‌పోర్టుపై వీసా స్టిక్కరును ఆపి, కార్డునే నివాస రుజువుగా చేసింది. ఖతార్ కార్డులోని 11 అంకెల్లో శతాబ్దం, పుట్టిన సంవత్సరం, ఆపై దేశ సంకేతం ఉంటాయి. భారతీయులకు అది 356. బహ్రెయిన్ సంఖ్యలో తొమ్మిది అంకెలు ఉండగా మొదటి నాలుగు పుట్టిన సంవత్సరం, నెలలను తెలుపుతాయి.

సౌదీ అరేబియా అకామా సంఖ్యలో పది అంకెలు ఉంటాయి. విదేశీయుల సంఖ్య 2తో మొదలవుతుంది. అందులో పుట్టిన తేదీ ఉండదు. అయితే అక్కడ హిజ్రీ పంచాంగం తేదీలతో మనవారు పొరబడుతుంటారు. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. హిజ్రీలో వేసిన గడువును మన క్యాలెండరు ప్రకారం ఏడాది అనుకుంటే 10, 11 రోజుల ముందే గడువు ముగిసిపోతుంది. ‘అబ్షర్’ సేవలో రెండు పంచాంగాల తేదీలనూ సరిచూసుకోవచ్చు.

ఇంటివద్ద చేయవలసినవి

గల్ఫ్‌లో ఉన్న వ్యక్తి పాస్‌పోర్టు, కార్డు, ఉద్యోగ ఒప్పందం ప్రతులు కుటుంబ సభ్యుల వద్ద ఒకేచోట భద్రంగా ఉండాలి. ఎన్ఆర్ఐ ఖాతా తెరిచిన బ్యాంకు పాస్‌పోర్టుతో పాటు నివాస అనుమతి ప్రతిని కూడా అడుగుతుంది గనుక, రెండింటిలో పేరు సరిపోయేలా చూసుకోవాలి. విదేశాల్లో సమస్య పరిష్కారం కానప్పుడు కేంద్ర విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. హైదరాబాద్‌లో క్షేత్రీయ ప్రవాసీ సహాయతా కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ వారు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

* కార్డు అందిన రోజునే పేరు, పుట్టిన తేదీ, జాతీయత, గడువును పాస్‌పోర్టుతో సరిచూడాలి.
* కార్డుకు ప్రమాణం పాస్‌పోర్టే. ఆధార్‌తో పోల్చి మార్పులకు తొందరపడరాదు.
* పాస్‌పోర్టు, అకామా రికార్డు, కార్డు, బ్యాంకు, లైసెన్సు.. సవరణ ఎప్పుడూ ఈ వరుసలోనే జరగాలి.
* పాత పాస్‌పోర్టు, పాత కార్డు ప్రతులు, దరఖాస్తు రశీదులు దాచుకోవాలి.
* కార్డుపై గీతలు, దిద్దుబాట్లు చేయకూడదు. అది నేరం.
* పని యజమాని ద్వారా జరిగేదైనా దరఖాస్తులో నింపిన పేరును సంతకానికి ముందు ఒక్కో అక్షరం చదువుకోవాలి.
* సెలవుపై బయలుదేరడానికి కనీసం నెల ముందే తేడాలను పరిశీలించుకొని సవరణ పూర్తిచేసుకోవాలి.